అయిదో తరగతి దాటిన పిల్ల

గద్వాలకి ‘విద్వద్గద్వాల’ అని పేరు. ఊరికే వచ్చిన పేరు కాదది. సంస్థానాల రోజుల్లో కార్తీకమో మాఘమో వచ్చిందంటే చాలు, పండితులు మూటా ముల్లే కట్టుకుని ఆ కోట దారి పట్టేవారు. అవధానాలూ, శాస్త్రచర్చలూ, చివర్న శాలువలూ, సంభావనలూ. తిరుపతి వెంకట కవులంతటి వారు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి సన్మానాలు పొంది వెళ్ళారు. కృష్ణకీ తుంగభద్రకీ మధ్యనున్న ఆ నేలని అక్కడివాళ్ళు నడిగడ్డ అంటారు. నడిగడ్డ మీద నీళ్ళకి కరువుండేదేమోగాని పద్యానికి కరువు లేదు.

అదే గద్వాల ఇప్పుడొక జిల్లా. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లాని విడదీసినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని విడివిడి జిల్లాలయ్యాయి. 2011 జనాభా లెక్కల్ని ఈ కొత్త జిల్లాల వారీగా పంచి చూస్తే, గద్వాల జిల్లాలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి 50 మంది కూడా తేలలేదు. తెలంగాణ మొత్తంలో అట్టడుగున నిలిచింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లాది ఇదే గతి; నూటికి 55, రాష్ట్రంలోకెల్లా ఆఖరు. ఇక ఆడవాళ్ళ లెక్క వేరే చెప్పాలా? ఆడా మగా కలిపిన లెక్కే ఇలా ఉంటే వాళ్ళది దానికి ఎన్ని మెట్లు కిందో మీరే ఊహించుకోండి.

కవులకి శాలువలు కప్పిన చోట అక్షరం ఎందుకు ఇంకిపోయింది? ఈ ప్రశ్న అడిగితే అందరూ చెప్పే జవాబులు ఉన్నాయి. నిజాం పాలన, ఉర్దూ చదువు, కరువు, వలస. అన్నీ నిజాలే. కానీ ఇంత పెద్ద పెద్ద కారణాల వెనకాల ఒక చిన్న కారణం నక్కి కూర్చుని ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, చిన్నది కనక. అయిదో తరగతి పాసైన పిల్ల ఆరో తరగతి ఎక్కడ చదవాలి? అదీ నేనడిగేది.

హైదరాబాదులో ఉండే మీలో చాలామంది ఇళ్ళకి పాలమూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళే అంట్లు తోమడానికి, బట్టలుతకడానికి వస్తుంటారు. ఎంతవరకు చదువుకున్నావమ్మా అని అడిగి చూడండి. అసలు బడి మొహమే చూడనివాళ్ళని పక్కన పెడితే, కొందరు అయిదు అంటారు. కొందరు ఏడు అంటారు. ‘ఆరు’ అనేవాళ్ళు అంతమంది ఉండరు. ఎందుకంటారు? ఆ పిల్ల బుద్ధి సరిగ్గా అయిదింటి దగ్గరే ఆగిపోతుందా? వాళ్ళ ఊరి బడి అయిదుతో ఆగింది, పక్క ఊరి బడి ఏడుతో ఆగింది, అంతే. బడి ఆగినచోట పిల్ల ఆగింది.

మన నవలల్లో కథానాయిక ఎప్పుడూ బి.ఏ. చదువుతూ ప్రవేశిస్తుంది. చేతిలో రెండు పుస్తకాలు, భుజాన జారే పమిట. ఆమె ఆరో తరగతి ఎక్కడ చదివింది, ఎవరు దిగబెట్టి వచ్చేవారు, ఓణీ వేసిన ఏడాది బడి మానిపిస్తామంటే ఇంట్లో ఎవరు అడ్డుపడ్డారు, ఇవేవీ కథలోకి రావు. చరిత్ర పుస్తకాల్లోనూ అంతే. యూనివర్సిటీ ఎప్పుడు పెట్టారో ఉంటుంది, వీధిబడి ముచ్చట ఉంటుంది, మధ్యది ఉండదు.

మధ్యది అన్నాను కదా, నిజాం రాజ్యంలో దానికి మంచి పేరే ఉండేది. కింది బడిని తహతానియా అనేవారు, మధ్య బడిని వస్తానియా, పై బడిని ఫౌఖానియా. అరబ్బీ మాటలు. కిందది, నడిమిది, పైది అని అర్థం. తహతానియాలో తెలుగు పిల్లలు తెలుగులో అఆలు దిద్దుకోవచ్చు. వస్తానియా గడప దాటితే లెక్కలూ చరిత్రా అన్నీ ఉర్దూలోనే. అంటే ఆ పిల్లవాడు బడి ఒక్కటే మారడం కాదు. బడీ, ఊరూ, భాషా మూడూ ఒక్కసారి మారాలి. పదేళ్ళ పిల్లవాడికది ఎంత భారమో చెప్పక్కర్లేదు. మగపిల్లలు కొందరు ఆ భారం మోశారు. తాలూకా కేంద్రంలో చుట్టాలింట్లోనో, వారాలు చేసుకునో చదివారు. ఆడపిల్లనెవరు పంపుతారు? వస్తానియా అనే మాట చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ నోట పలకనే లేదు.

తుంగభద్రకి ఆవలి ఒడ్డు కర్నూలు. అది మద్రాసు రాజధాని, ఇంగ్లీషువాళ్ళ ఇలాకా. అలంపురం మెట్ల మీద నిలబడితే అటు వేరే రాజ్యం. ఆ రాజ్యంలో చదువు రెండు పాయలుగా ప్రవహించేది. ఒకటి హైస్కూలు పాయ. అందులో ఫస్టు ఫారం, సెకండు ఫారం, థర్డు ఫారం అని ఇంగ్లీషు మొదలయ్యేది. జీతాలు కట్టాలి, పట్నంలో ఉండాలి. రెండోది ‘హయ్యర్ ఎలిమెంటరీ’ పాయ. ఉన్న ఎలిమెంటరీ బడికే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు తగిలించేవారు. అదే బడి, అదే మేష్టారు, అదే తెలుగు. ఎనిమిదిలో ఇ.ఎస్.ఎల్.సి. అనే పరీక్ష ఉండేది. దాని మీద కాలేజీకి పోలేరు, ఇంగ్లీషు లేదు కనక. పెద్దవాళ్ళు దాన్ని గొడ్డు చదువు అని ఈసడించేవారు, పైకి దారిలేని చదువు అని.

కాని చూడండి, ఆ గొడ్డు చదువే ఎంతమంది ఆడవాళ్ళకి అన్నం పెట్టిందో! ఎనిమిది పాసై, రెండేళ్ళు ట్రెయినింగై, హయ్యర్ గ్రేడు పంతులమ్మగా చేరినవాళ్ళు ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఉండేవారు. చిన్నతనంలో భర్త పోయినవాళ్ళు, ఇంటికి ఒక్కతే ఆధారమైనవాళ్ళు. గంజిపెట్టిన చీర, చేతిలో గొడుగు, ముఖాన కాస్త కోపం. మీ అమ్మగారికో అమ్మమ్మగారికో అక్షరాలు దిద్దించినావిడ ఇలాంటావిడే అయి ఉంటుంది. పిల్లల్ని ఎలిమెంటరీ బడిలోనే మూడేళ్ళు ఎక్కువ ఉంచడం వల్ల పుట్టిన మనిషి ఆవిడ. ఆ మూడేళ్ళు ఊరు దాటి పోయి చదవాలని ఉంటే ఆవిడ పంతులమ్మ అయ్యేది కాదు, వంటింట్లోనే ఉండిపోయేది.

ఇంకొక తేడా కూడా చెప్పాలి. 1929లో శారదా చట్టం వచ్చింది, పద్నాలుగేళ్ళు నిండని పిల్లకి పెళ్ళి చెయ్యకూడదని. అది బ్రిటిషు ఇండియాకే. నది దాటితే నిజాం గడ్డ మీద దానికి చెల్లుబాటు లేదు. అటు ఒడ్డున పన్నెండేళ్ళ పిల్లకి కనీసం కాగితం మీదైనా ఒక చట్టమూ, ఊళ్ళో ఒక ఆరో తరగతీ ఉన్నాయి. ఇటు ఒడ్డున రెండూ లేవు. నడిగడ్డలోనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు చదువుకోసం కర్నూలుకే వెళ్ళారు. మగపిల్లవాడు కాబట్టి నది దాటగలిగారు. తర్వాత హైదరాబాదులో గోలకొండ పత్రిక పెట్టారు, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకి ఎన్నికయ్యారు. ఆయన ఈడు ఆడపిల్లల్లో ఎవరికి ఏ తెలివి ఉండేదో, ఏం రాసి ఉండేవారో మనకి తెలిసే దారేది?

అలాగని ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదు నారాయణగూడలో తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల పెట్టారు. నిజాం సర్కారు గుర్తింపు లేక పిల్లల్ని పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకి కూర్చోబెట్టారు. తెలుగు పిల్ల తెలుగులో పరీక్ష రాయడానికి మరాఠీ దేశం దాకా కాగితాలు పంపాలి! 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే, దాని పక్కనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరిగింది. ఇవన్నీ ఘనమైన పనులే. కాని నారాయణగూడ హాస్టలుకి కూతుర్ని పంపగల ఇల్లు తాలూకాకి ఎన్నుంటాయి?

గద్వాల సంస్థానాన్ని 1924 నుంచి విలీనం దాకా ఏలింది ఒక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. పండిత పోషణ ఆమె కాలంలోనూ సాగింది. ఇప్పుడు ఆ కోటలో ఆమె పేరుతోనే డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజావారి భవనం 1959లో పాలిటెక్నిక్ అయింది, నెహ్రూగారు వచ్చి ప్రారంభించారు. వనపర్తి ఇంటి కోడలు శాంతా రామేశ్వరరావుగారు 1961లో హైదరాబాదులో విద్యారణ్య పాఠశాల పెట్టి కొత్త పద్ధతుల్లో చదువు చెప్పించారు. కోటల్లో కాలేజీలు వచ్చాయి, భవనాల్లో పాలిటెక్నిక్‌లు వచ్చాయి. ఆ కాలేజీ మెట్టు ఎక్కాలంటే మధ్యలో ఆరు నుంచి పది దాకా ఎవరో ఒకరు మెట్లు కట్టాలి కదా.

ఆ మెట్లు ఎవరు కట్టాలన్నది 1959లోనే తేలింది, ఎవరూ పెద్దగా గమనించకుండా. ఆ ఏడాది అక్టోబరులో మన రాష్ట్రానికి పంచాయతీ రాజ్ వచ్చింది. ప్రారంభోత్సవం ఇదే జిల్లాలో, షాద్‌నగర్‌లో, నెహ్రూగారి చేతుల మీదుగా జరిగింది. ఆ పంపకంలో కింది బడులు పంచాయతీ సమితుల వాటాకి వచ్చాయి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తుల వాటాకి వెళ్ళాయి. అన్నదమ్ముల భాగాల్లాగే. పెద్దిల్లు ఒకరికి, పాకలు ఒకరికి. మధ్య తరగతుల బడి అని విడిగా ఒకటి ఉంటే అది ఎవరి వాటా? అది కాస్తా రెండు భాగాల మధ్య సందులో పడింది. ఆరు, ఏడు ఉంటే సమితి బడికి తోకలాగా ఉన్నాయి, లేకపోతే జిల్లా పరిషత్ హైస్కూలుకి తలలాగా ఉన్నాయి. సమితులు పోయి 1980లలో మండల పరిషత్తులు వచ్చినా ఈ భాగాలు మారలేదు. రోడ్డు పక్క బోర్డు మీద ‘మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల’ అని చదివి ఉంటారు. నోరు తిరగని పేరు. ఒకటి నుంచి ఏడు దాకా ఒకే ప్రహరీలో ఉన్న బడి అని దానర్థం.

ఏడు దాకా ఎందుకు, ఎనిమిది దాకా ఎందుకు కాదు అంటే, మన రాష్ట్రం అయిదు, రెండు, మూడు అని లెక్క పెట్టుకుంది. దేశంలో చాలాచోట్ల అయిదు, మూడు, రెండు. పక్కనున్న కన్నడ దేశం మాత్రం మనలాగే ఏడు దాకా. అంతకు ముందు 1937లో వార్ధాలో గాంధీగారి పిలుపు మీద సమావేశమైనవాళ్ళు కూడా ఏడేళ్ళ చదువునే ఒక ముద్దగా ఊహించారు. ఏడో ఏట బళ్ళో వేస్తే పద్నాలుగో ఏట బయటికి రావాలి, మధ్యలో గోడ ఉండకూడదని. ఆ కమిటీకి అధ్యక్షులు జాకీర్ హుస్సేన్‌గారు. ఆయన పుట్టింది హైదరాబాదులోనే లెండి.

చాలా ఏళ్ళపాటు మనకి ఏడో తరగతికి ఉమ్మడి పరీక్ష ఉండేది. ‘సెవెన్తు పబ్లిక్’ అనేవారు. పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, అట్టలు పట్టుకుని వేరే ఊరు సెంటరుకి వెళ్ళేవారు. ఏడు పాస్ అన్న కాగితం ఉంటే ఆయా పనికో అటెండరు పనికో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పట్నంలో దీన్ని చూసి నవ్వుతాం. పల్లెలో ఒక ఆడపిల్ల చేతిలో తన పేరు అచ్చయిన మొదటి కాగితం అది, పెళ్ళి శుభలేఖకంటే ముందు వచ్చింది.

అసలు సంగతికొస్తాను. పదకొండు, పన్నెండు, పదమూడు. ఈ మూడేళ్ళల్లోనే ఆడపిల్ల పెద్దమనిషవుతుంది. ఈ మూడేళ్ళల్లోనే ఆమె చెయ్యి పనికొస్తుంది. నడిగడ్డ సంగతి తెలిసినవాళ్ళకి సీడు పత్తి సంగతి తెలుసు. సంకర పత్తి విత్తనం తయారు కావాలంటే సాయంత్రం పూట మొగ్గని చేత్తో ఒలిచి, అందులోని మగ భాగం తీసెయ్యాలి. మర్నాడు ఉదయం ఇంకో మొక్క పువ్వు తెచ్చి దానికి అద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. పూతకాలమంతా రోజూ, ఒక్కొక్క మొగ్గకీ ఇదే పని. చిన్న వేళ్ళు, పొట్టి మనుషులు కావాలి. ఆడపిల్లలు కావాలి. తల్లిదండ్రులకి ఎండాకాలంలోనే బయానా ఇచ్చి పిల్లల్ని కుదుర్చుకునేవారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పనిలో ఎంతమంది చిన్నపిల్లలున్నారో 2000 ప్రాంతంలో పరిశోధకులు తవ్వి తీశాకగాని బయటి ప్రపంచానికి తెలియలేదు. విత్తనం పొట్లం కొనే రైతుకి దాని మీద ఏ పిల్ల వేలిముద్ర ఉందో కనపడదు.

మనం పెళ్ళిళ్ళకి మోజుపడి కొనే గద్వాల చీర సంగతీ ఉంది. నూలు ఒంటికి పట్టు కొంగూ అంచూ జోడించే ఆ నేత ఒక్కడి పని కాదు, ఇంటిల్లిపాదీ పని. కండెలు చుట్టే చేతులు ఇంట్లో ఆడవాళ్ళవీ పిల్లలవీను. ఇక వలస. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని తల్లీతండ్రీ ఏ ప్రాజెక్టు పనికో పోతే, వెనక ముసలమ్మనీ తమ్ముళ్ళనీ చూసుకునేది పన్నెండేళ్ళ పెద్దకూతురే.

ఇలాంటి పిల్లకి ఆరో తరగతి మూడు మైళ్ళ దూరంలో ఉంటే ఏమవుతుంది? ఆ మాట ఎవరూ ‘వద్దు’ అని కూడా అనరు. సెలవులైపోయాక బడి తెరుస్తారు, ఆ పిల్ల వెళ్ళదు, అంతే. అదే ఆరో తరగతి ఆమె అయిదు చదివిన గది పక్క గదిలో ఉంటే? ఆమె మధ్యాహ్నం దాకా పొలంలో ఉండి అయినా వచ్చి కూర్చోవచ్చు. తమ్ముణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టి తను ఆరులో కూర్చోవచ్చు. తండ్రి ‘వయసొచ్చిన పిల్లని ఎక్కడికో పంపను’ అనడానికి వీల్లేదు, ఎక్కడికీ పంపడం లేదు కనక. సారుకి ఆమె పేరూ, వాళ్ళమ్మ పేరూ, వాళ్ళ ఇంటి గుమ్మమూ తెలుసు. నాలుగు రోజులు రాకపోతే వచ్చి కేకేస్తాడు. విడి బడిలో కొత్త పంతులుకి ఆమె హాజరు పట్టీలో ఒక అంకె.

ప్రాథమికోన్నత పాఠశాల అనేదాన్ని విద్యాశాస్త్రం ఎంతవరకు సమర్థిస్తుందో పండితులు తేల్చనీండి. నా మటుకు నాకు అది రెండు గదులు. ఒక పెళ్ళిని రెండేళ్ళు వెనక్కి నెట్టిన రెండు గదులు.

ఈ తగాదా మనకొక్కళ్ళకే ఉందనుకోకండి. అమెరికాలో వందేళ్ళుగా నలుగుతోంది. అక్కడ పూర్వం ఎనిమిది దాకా ఒకే బడి. 1909లో ఒహైయో రాష్ట్రం కొలంబస్‌లో, ఆ మరుసటేడు కాలిఫోర్నియా బర్క్‌లీలో, ఎదిగే వయసు పిల్లలకి వేరే బడి ఉండాలని జూనియర్ హైస్కూళ్ళు మొదలెట్టారు. దేశమంతా పాకాయి. తర్వాత అనుమానాలు బయల్దేరాయి. మిల్వాకీ నగరంలో రాబర్టా సిమ్మన్స్, డేల్ బ్లైత్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి 1987లో ఒక పుస్తకం వేశారు. ఏడో తరగతికి పెద్ద కొత్త బడికి మారిన ఆడపిల్లలకి తమ మీద తమకున్న నమ్మకం పడిపోయిందట. ఎనిమిది దాకా పాత బడిలోనే ఉన్న ఆడపిల్లలకి అలా పడిపోలేదట. 2010లో న్యూయార్కు పిల్లల మార్కులు పట్టి చూసిన రాకాఫ్, లాక్‌వుడ్ అనేవారు కూడా బడి మారిన ఏడాది మార్కులు దిగజారడం గమనించారు. ఇప్పుడక్కడ కొన్ని నగరాలు మళ్ళీ ఎనిమిది దాకా ఒకే బడి అంటున్నాయి.

చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. మిల్వాకీ పిల్లకి బడి మారితే ఆత్మవిశ్వాసం తగ్గింది. మన పిల్లకి బడి మారితే బడే లేకుండా పోయింది. అయినా రెండుచోట్లా దెబ్బ తగిలింది ఆ వయసు ఆడపిల్లకే. ఒళ్ళు మారే ఏడాదే బడి కూడా మార్చాలని ఎవరికి తోచిందో!

అలాగని మన ఏడు దాకా బడుల్ని అందలం ఎక్కించబోవడం లేదు. వాటిలో కష్టాలు ఇన్నీ అన్నీ కావు. చిన్నపిల్లల కోసం వేసిన సెకండరీ గ్రేడు టీచరే ఆరు, ఏడు తరగతులకి బీజగణితమూ ఇంగ్లీషూ చెప్పాలి. ఒక్కోచోట ఒకే సారు రెండు తరగతుల్ని ఒక వరండాలో కూర్చోబెట్టి, ఒకళ్ళకి లెక్క ఇచ్చి ఇంకొకళ్ళకి పాఠం చెప్పడం. అలా ఏడు దాటి హైస్కూల్లో ఎనిమిదికి వెళ్ళిన పిల్ల, ఆరు నుంచీ అక్కడే చదివినవాళ్ళ పక్కన బిక్కమొహం వేసుకుని కూర్చుంటుంది. పది పరీక్షకి మూడేళ్ళే వ్యవధి. ఇక మరుగుదొడ్డి. చిన్నపిల్లల బడి కదా, గోడ చాటు చాలులే అనుకుని కట్టారు. పన్నెండేళ్ళ పిల్లకి గోడ చాటు చాలదని తట్టడానికి దేశానికి ఎంతకాలం పట్టిందో చూడండి. స్వచ్ఛ విద్యాలయ అని ఉద్యమంలాగా మొదలెట్టింది 2014లో. మధ్యాహ్న భోజనం చూడండి. 2001లో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చి అయిదు దాకా వండి పెట్టమంది. కేంద్రం ఆ అన్నాన్ని ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి పొడిగించింది 2007 అక్టోబరులో, అదీ ముందు వెనకబడ్డ బ్లాకుల్లో. అయిదో తరగతి పాసవడంతోటే పిల్లలకి ఆకలి మానేస్తుందని ఢిల్లీలో ఎవరు లెక్కగట్టారో! ఎదిగే పిల్లకే కదండీ ఎక్కువ ఆకలి?

ఆడపిల్లల కోసం విడి బడే కావాలన్న వాదానికి కూడా ఈ నేల మీదే బలం దొరికింది. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సమాఖ్య మొదలైంది మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే. సంఘంలోని ఆడవాళ్ళు తమ కూతుళ్ళ గురించి ఆలోచించారు. బడి మానేసిన, అసలు బడికి పోని ఆడపిల్లల కోసం మహిళా శిక్షణ కేంద్రాలు వచ్చాయి. అక్కడే తినడం, పడుకోవడం, చదవడం. 2004లో కేంద్ర ప్రభుత్వం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పెట్టింది, సరిగ్గా ఆరు నుంచి ఎనిమిది చదవాల్సిన ఆడపిల్లల కోసమే. స్త్రీల అక్షరాస్యత తక్కువున్న మండలాల్లోనే. పాలమూరుకి వాటిలో వాటా బాగానే దక్కింది, ఆ అర్హత మనకి దండిగా ఉంది కనక. వలస పోయే తల్లిదండ్రులకి అది కొండంత అండ. పిల్లని పనికి తీసుకుపోకుండా ఒక గేటు లోపల వదిలి వెళ్ళొచ్చు.

నల్లమల వైపు, అచ్చంపేట, అమ్రాబాదు అడవుల్లో చెంచు పెంటలుంటాయి. నాలుగు గుడిసెల పెంటలో ఏడు తరగతుల బడి ఎలా పెడతారు? అక్కడ ఆశ్రమ పాఠశాలే దిక్కు. కాబట్టి అన్నిచోట్లా ఒకటే మందు అని నేననను. కాని కస్తూర్బా బడి అయినా, ఆశ్రమ బడి అయినా, ఈనాడు అయిదో తరగతికే పరీక్ష పెట్టి తీసుకునే గురుకులం అయినా, సీట్లు ఇన్ని అని ఉంటాయి. చురుకైన పిల్లనీ, అడిగే తల్లి ఉన్న పిల్లనీ అవి ఏరుకుంటాయి. సీటు రాని పిల్లకి మిగిలేది ఊరి బడే. ఆ ఊరి బడిలో పిల్లలు తగ్గిపోయారు కాబట్టి మూసేద్దాం, పక్క ఊరి బడిలో కలిపేద్దాం అని మాట వచ్చినప్పుడల్లా నాకు గుండె దడదడలాడుతుంది.

కలిపేవాళ్ళు చెప్పేది అబద్ధమేమీ కాదు. పదిమంది పిల్లలకి ఒక టీచరు కన్నా, వందమందికి సబ్జెక్టుకొక టీచరు మంచిది. నది అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 నంబరు జీవో ఇచ్చి, ఏకంగా మూడు, నాలుగు, అయిదు తరగతుల్నే హైస్కూళ్ళకి కలపడం మొదలెట్టారు. ఊళ్ళల్లో తల్లులు రోడ్డెక్కారు. 2025లో ఆ జీవో వెనక్కి తీసుకున్నారు. ఇటు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం. దూరం బడికి వెళ్ళే పిల్లకి అది నిజంగా వరమే, బస్సు ఆ ఊరిదాకా, ఆ వేళకి వస్తే.

2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ప్రాథమిక విద్యే అంది. అయిదు దాకా బడి కిలోమీటరు లోపల, ఎనిమిది దాకా బడి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని నిబంధనలు పెట్టారు. మ్యాపు మీద మూడు కిలోమీటర్లు గీత గీస్తే చాలా సులువు. ఆ గీత మధ్యలో వాగు ఉందా, సారా దుకాణం ఉందా, మనిషి కనపడని పత్తి చేలు ఎంత పొడుగున ఉన్నాయి, శీతాకాలం సాయంత్రం బడి వదిలే వేళకి ఎంత వెలుగు ఉంటుంది, ఇవి స్కేలుకి అందవు. తల్లికి అందుతాయి. అందుకే తల్లి ‘ఇంక చాల్లే’ అంటుంది. ఆమెని తిట్టి లాభం లేదు. తన కూతురు చీకటి పడేలోగా ఇంటికి రావాలని కోరుకునే తల్లి మనలోనూ ఎవరు కాదు?

ఎనిమిదో తరగతి చట్టంలో చేరినంత మాత్రాన ప్రతి బడిలో చేరలేదు. కొన్ని ప్రాథమికోన్నత పాఠశాలలకి ఎనిమిదో తరగతి తగిలించారు, కొన్ని ఏడు దగ్గరే నిలిచాయి. ఏడుతో నిలిచిన ఊళ్ళో ఆ పిల్ల టీసీ తీసుకుంటుంది. టీసీ ఇచ్చిన బడి మండల పరిషత్తుది. వాళ్ళ రిజిస్టరులో ఆమె ‘వెళ్ళింది’. చేరాల్సిన బడి జిల్లా పరిషత్తుది. వాళ్ళ రిజిస్టరులో ఆమె ఇంకా ‘రాలేదు’. వెళ్ళిన పిల్లని ఇక్కడివాళ్ళు వెతకరు, రాని పిల్ల పేరు అక్కడివాళ్ళకి తెలియదు. ఆ కాగితం మడతపెట్టి ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, రేషను కార్డు పక్కన ఉంటుంది. బడులు కలిపే జాబితా రాసేముందు ఏ ఊళ్ళో ఎన్ని ట్రంకు పెట్టెల్లో ఎన్ని టీసీలు ఉన్నాయో ఎవరైనా వెళ్ళి అడిగితే బావుండును. అడగడానికి ఆ ఊరి పంతులమ్మే సరైన మనిషి, ఆమెని ఇంకా ఆ ఊళ్ళో ఉంచితే.